ఆది బోర్డు

"ముక్కు దగ్గర్నుంచి నడుము దాకా ఎంత?"

"ముప్పై నాలుగు. కదలొద్దని చెప్పు."

"బోర్డు కదలదు వదినా."

"అలవాటయ్యా. ఇరవై ఏళ్ళ నుంచి మనుషులకి టేపు వేస్తున్నాను. టేపు తగలగానే పొట్ట లోపలికి లాగేస్తారు. తీరా కుట్టి ఇచ్చాక బిగుతైందని నా మీద పడతారు. ఇదే నయం, పడుకోబెట్టిన చోట పడుకుంటుంది. ఊఁ, నడుము?"

"ఇరవైన్నర. నిన్న లోపలిదానికి ఎంతొచ్చింది?"

"ఇరవైన్నర."

"గీతకి గీత?"

"గీతకి గీత. ఇంక చాలు మరిదీ. ఈ బల్ల మీద నేను గుడ్డ పరిచి పదకొండు రోజులైంది."

మిట్టమధ్యాహ్నం, వీధిలో మనిషి అలికిడి లేదు. దర్జీ కొట్టులో కత్తిరింపు బల్ల మీద, అలల మీద నిలబడి జారే బోర్డు ఒకటి రెక్కలు పైకి పెట్టుకుని బోర్లా పడి ఉంది. బల్లకి ఒక పక్క కొట్టు నడిపే వదిన, రెండో పక్క తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి మరిది. బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గదిలో, పరదా వెనక, అచ్చు ఇలాంటిదే ఇంకో బోర్డు నిలబెట్టి ఉంది. అది మరిది చేసింది.

"సాయంత్రం పోస్టుమ్యాన్ వస్తాడు, దీన్ని ఇచ్చేస్తాను. ఆ తర్వాత బల్ల నీదే."

"అతనికేం చెప్పి తెచ్చావు, నిజం చెప్పు."

"అడుగున సన్నటి పగులుంది, నీళ్ళు తాగుతోంది, నేను బాగుచేసి ఇస్తానన్నాను."

"పగులేదీ? నాకు కనపడలేదే."

"లేదు."

"లేదా?"

"లేదు వదినా. ఉంటే అంత ధైర్యంగా బాగుచేస్తానంటానా?"

"మరి సాయంత్రం అతను వచ్చి, పగులేది అనడిగితే?"

"బాగుచేశాక పగులు కనపడుతుందా? తడిమి చూసుకోమంటాను. వెంట్రుకవాసి గీత కూడా దొరకదు. అంత నునుపుగా ఈ చుట్టుపక్కల ఎవడు అతుకుతాడు చెప్పు?"

"లేని పగులుని కనపడకుండా చేసిన మొనగాడివి నువ్వే."

"నవ్వకు. ఎంత కష్టపడ్డానో నీకు తెలుసు. ఆ మధ్య చేసినదానికి ముక్కు లైటుహౌసు ఆయన బోర్డుది, అంచులు పడవలవాళ్ళ అల్లుడి బోర్డువి, రెక్కలు టీచరమ్మ బోర్డువి..."

"ఒంటి మీదవన్నీ అరువు నగలే. చూశాంగా. ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే దించేసింది."

"అందుకే ఈసారి ఒక్కరినే పట్టుకున్నా. నువ్వు ఇక్కడ చెయ్యి పెట్టు. తోకకి జానెడు ముందు. తగిలిందా?"

"లోపలికి నొక్కినట్టుంది."

"అదే, ఈ బోర్డు చేసిన మేస్త్రీ మెలిక. మూడేళ్ళ నుంచి ఈ తీరంలో అందరి నోటా అదే మాట. ఆ మెలిక వల్లే అల మీద బోర్డు చెప్పినట్టు తిరుగుతుందట. కొలతలు తీసుకుని ఎంతమంది చేయబోయారో! ఒక్కడికీ రాలేదు. నాకొచ్చింది."

"నీకు మాత్రం ఎలా వచ్చింది?"

"అదే నాకూ అర్థం కాలేదు. మిగతాదంతా కొలిచి, గీసి, చెరిపి, మళ్ళీ కొలిచి చచ్చాను. అక్కడికొచ్చేసరికి మాత్రం చెయ్యి దానంతటదే తిరిగింది. ఒక్క పట్టు. అంతే. ఉప్పు కాగితం కూడా పెద్దగా పట్టలేదు."

"గొప్పలు చాలు, టేపు చుట్టు."

"నువ్వైనా ఒప్పుకో. చూసి చేయడం తప్పంటావా?"

"నేనెందుకంటాను? నా బతుకంతా అదే. ఆది చొక్కా తెచ్చి, ఇలాగే కుట్టమని బల్ల మీద పడేస్తారు. కాలరు చూసి కాలరు, జేబు చూసి జేబు. కాకపోతే ఆది ఇచ్చినవాడికి ఎందుకిచ్చాడో తెలుస్తుంది. ఇక్కడ పోస్టుమ్యాన్‌కి తెలీదు. మేస్త్రీకి అసలే తెలీదు."

"తెలీకపోతే పుట్టి మునిగిపోదులే. ఆయనకి చెప్పేదెవరు? ఆయన ఈ వీధికి రాడు... వదినా."

"ఏంటి?"

"సైకిలు."

"ఎవరిది?"

"మేస్త్రీది."

"ఏ మేస్త్రీ?"

"ఏ మేస్త్రీ ఏంటి వదినా! ఈ బోర్డు మేస్త్రీ! స్టాండు వేస్తున్నాడు!"

"కప్పు! కప్పు దాన్ని! ఆ పువ్వుల గుడ్డ లాగు!"

"రెక్కలు పొడుచుకొస్తున్నాయి!"

"దాని మీద కూర్చో!"

"రెక్కల మీదా?"

"అయితే ఆ ఇస్త్రీ బట్టలు పడెయ్. అన్నీ పడెయ్. మొహం తుడుచుకో. దొంగలా నిలబడకు."

"మరెలా నిలబడను?"

"మరిదిలా నిలబడు. రండి రండి, మేస్త్రీ గారూ! దారి తప్పారా?"

"లేదమ్మాయ్, నీ కొట్టుకే వచ్చాను. ఈ ప్యాంటు పొడుగైపోయింది. కొంచెం మడిచి కుట్టాలి."

"దానిదేముందండీ, ఇక్కడ నిలబడండి, కొలత తీస్తాను."

"ఊరికే కొలిస్తే ఏం తెలుస్తుంది? వేసుకుని చూపిస్తాను. పరదా వెనక గది ఉంది కదూ?"

"లేదండీ."

"ఉందండీ!"

"ఏమోయ్ వడ్రంగీ, మీ వదిన లేదంటోంది, నువ్వు ఉందంటున్నావు."

"ఉంది కానీ మేస్త్రీ గారూ, సున్నం వేస్తున్నాం."

"పిల్లి ఈనిందండీ లోపల."

"పిల్లి ఈనిన గదికి సున్నం వేస్తున్నారా?"

"సున్నం మొదలుపెట్టాక ఈనింది."

"ఎన్ని పిల్లలు?"

"మూడు."

"అయిదు."

"లెక్క తేలాక చెప్పండి. నేను పిల్లులకి భయపడే మనిషిని కాదు. తప్పుకో అమ్మాయ్."

పరదా జరిగింది, మళ్ళీ మూసుకుంది. బయట వదిన, మరిది గుసగుసలకి దిగారు.

"అయిపోయింది వదినా."

"ఏమీ కాలేదు. లోపల చీకటి. గోడవైపు తిరిగి మార్చుకుంటే చూడడు."

"మూడంటే అయిదన్నావేంటి?"

"పిల్లి నాది, ఎన్ని ఈనిందో నాకు తెలీదా?"

"అమ్మాయ్!"

"ఆఁ, మేస్త్రీ గారూ?"

"ఇక్కడ నాకంటే పొడుగాయన ఒకాయన నిలబడి ఉన్నాడు."

"అది... అద్దం అండీ."

"అద్దంలో నాకు తోక కనపడుతోందే? పోనీలే, నేనే చూసుకుంటాను."

"వదినా, ఆ చప్పుడేంటి?"

"అరచేత్తో రాస్తున్నాడు. పై నుంచి కిందకి. ఉండు... మళ్ళీ కింది నుంచి పైకి. మేస్త్రీ గారూ, ప్యాంటు సరిపోయిందా?"

"ప్యాంటు ఎక్కడికి పోతుంది! ఇది ఎవరిది?"

"పోస్టుమ్యాన్‌దండీ!"

"ఎందుకలా అరుస్తావోయ్. పోస్టుమ్యాన్‌దా? అదీ సంగతి. చెయ్యి వేయగానే అనుకున్నాను. నాదే. నా చేత్తో చేసిందే."

"వదినా! విన్నావా? తన చేత్తో చేసిందట!"

"నోరు మూసుకో."

"పదకొండు రోజులు చేసింది నేను వదినా!"

"అందుకే మూసుకోమంటున్నాను."

"బాగా చేశానమ్మాయ్. నా పని నేను పొగుడుకోకూడదు గానీ, ఇది కుదిరింది. ఈ మెలిక చూడు. ఈ మధ్య నాకు కూడా ఇంత శుభ్రంగా రావడం లేదు."

"అంచు చూశారా మేస్త్రీ గారూ? ఎడమవైపు అంచు... అబ్బా!"

"ఏమైంది?"

"సూది గుచ్చుకుందండీ వాడికి. దర్జీ కొట్టు కదా, చూసుకుని నిలబడాలి."

"అవునవును, చూసుకోవాలి. ఇంతకీ పోస్టుమ్యాన్ దీన్ని మీ దగ్గరెందుకు పెట్టాడు?"

"పగులుందండీ."

"ఎక్కడ? మొత్తం తడిమాను. ఎక్కడా లేదే."

"నేను బాగుచేశానండీ."

"చేత్తో తడిమినా తెలియనంతగానా?"

"ఏదో, మీ దయ వల్ల..."

"నా దయ అంటావేంట్రా! నిన్న పోస్టుమ్యాన్ నా షెడ్డు గుమ్మంలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'మీ బోర్డు మూడేళ్ళకే పగిలిందట మేస్త్రీ, వడ్రంగి కనిపెట్టాడు' అని. వాడు ఊరుకునే రకమా? ఉత్తరంతో పాటు ఇంటింటికీ ఆ కబురూ పంచాడు. పొద్దున్నుంచి తొమ్మిదిమంది బోర్డులు చంకన పెట్టుకొచ్చారు, మావీ పగిలాయేమో చూడమని. ముప్పై ఏళ్ళ పేరు, ఒక్క పూటలో గంగలో కలిపావు!"

"వదినా..."

"నావైపు చూడకు. ఇది నువ్వు నాకు చెప్పలేదు."

"నాకూ తెలీదు వదినా. ఒట్టు. పోస్టుమ్యాన్ ఒక్కడికే చెప్పాననుకున్నా."

"పోస్టుమ్యాన్‌కి చెప్పి ఒక్కడికే చెప్పాననుకున్నావా!"

"బయటికి వస్తున్నాను."

"ప్యాంటు వేసుకున్నారా?"

"కొత్తది వేసుకునే ఉన్నాను. పాతది లోపల కొక్కేనికి ఉంది. ఆ బల్ల మీద గుడ్డలు తియ్యండి."

"ఇస్త్రీ బట్టలండీ, నలిగిపోతాయి."

"ఇస్త్రీ బట్టలకి మూడు రెక్కలెందుకున్నాయి?"

గుడ్డలు నేల మీద పడ్డాయి. మేస్త్రీ బల్ల వైపు, పరదా వైపు మార్చి మార్చి చూశాడు.

"రెండు."

"అవునండీ."

"పోస్టుమ్యాన్‌కి నేను ఒకటే చేశాను."

"అవునండీ."

"అయితే ఒకటి నువ్వు చేశావు. నా బోర్డుకి పగులు అంటగట్టి, తెచ్చి, పడుకోబెట్టి, చుట్టూ గీసుకుని చేశావు. అంతేనా?"

"అంతేనండీ. తప్పు చేశాను. సాయంత్రం పోస్టుమ్యాన్ రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. రేపు ఆయన వెనకే ఇంటింటికీ తిరిగి, పగులు లేదు, నేనే అబద్ధమాడానని చెప్పుకుంటాను. మీ బోర్డుకి మాట రానివ్వను."

"చెప్పుకోవాలి. అన్ని గుమ్మాలూ ఎక్కాలి."

"ఎక్కుతానండీ."

"అదీ, అలా బుద్ధిగా ఉండు. ఆ ప్యాంటు తర్వాత చూద్దాంలే అమ్మాయ్, నేను వస్తాను."

"ఒక్క నిమిషం, మేస్త్రీ గారూ."

"ఏంటి?"

"ఈ రెండింట్లో మీది ఏది?"

"ఏది అంటే?"

"చూపించండి. ఏది మీ చేత్తో చేసింది?"

"ఇదేం ప్రశ్న? నా బోర్డు నాకు తెలీదా?"

"ఇందాక గదిలోదే మీదన్నారు. బాగా కుదిరిందన్నారు. మెలిక మీకే ఇంత శుభ్రంగా రావడం లేదన్నారు."

"చీకట్లో అన్నాను."

"చేతికి చీకటేంటండీ? గదిలో ఉన్నది మా మరిది చేసింది. మీది ఇదిగో, బల్ల మీద."

"కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మాయ్?"

"ఇస్తాను. ముందు కూర్చోండి. మరిదీ, కుర్చీ వెయ్. ముప్పై ఏళ్ళ చేతినే ఏమార్చావు. నవ్వచ్చు, పర్లేదు."

"నాకు నవ్వు రావడం లేదు వదినా. మేస్త్రీ గారూ, ఒక్క మాట అడగనా?"

"నేను వెళ్ళాలి. షెడ్డులో జనం ఉన్నారు."

"నాలుగేళ్ళ కింద మీ షెడ్డుకి వచ్చాను. గుర్తుందా?"

"ఎంతోమంది వస్తారు."

"పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. నేను మొట్టమొదట చేసిన బోర్డు నా చేతుల్లో ఉంది. పని నేర్పమన్నాను. మీరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పోయి తలుపులు చేసుకోమన్నారు."

"అన్నానేమో."

"అన్నారు. పక్కన ఆరుగురున్నారు. అందరూ నవ్వారు. దాన్ని అక్కడే పడేసి వచ్చాను. తిరిగి ఆ దారిన పోలేదు. తలుపులే చేసుకున్నా. ఎన్ని తలుపులు చేసినా ప్రతి తలుపూ పడుకోబెట్టగానే బోర్డులా కనిపిస్తుంటే నన్నేం చేయమంటారు? అందరివీ చూసి చూసి, గీసి గీసి నేర్చుకున్నా. మీరు నేర్పలేదు కాబట్టి మీ బోర్డునడిగాను."

"నేను వెళ్తున్నానమ్మాయ్. నా పాత ప్యాంటు..."

"నా చేతిలో ఉంది."

"ఇటివ్వు."

"వాడికి సమాధానం చెప్పండి, ఇస్తాను. కొత్తదానితో సైకిలెక్కితే చెయిన్లో పడుతుంది, చెప్తున్నాను. జానెడు పొడుగుంది."

"దబాయింపా ఇది?"

"దర్జీనండీ. నాకున్న ఆయుధం ఇదొక్కటే. అడుగు మరిదీ."

"ఇప్పుడు నా పని మీరే చూశారు. మీది అనుకున్నారు. ఇప్పుడైనా నన్ను షెడ్డులోకి రానిస్తారా? జీతం వద్దు. ఊడ్చమన్నా ఊడుస్తాను."

"రానివ్వను."

"ఎందుకని?"

"రానివ్వనంటే రానివ్వను."

"కారణం ఉండాలి కదండీ. వాడి చెయ్యి మంచిది కాదా?"

"మంచిదే."

"చూసి చేశాడనా?"

"ఎవరు చూడకుండా చేశారమ్మా? నేను నా మేస్త్రీని చూసి చేశాను. ఆయన ఓడల్లో వచ్చిన బోర్డులు చూసి చేశాడు. అది కాదు."

"మరి?"

"అబ్బాయ్, ముందు నువ్వొకటి చెప్పు. ఈ మెలిక నీకెలా వచ్చింది?"

"కొలిచానండీ."

"అబద్ధం. కొలిచినవాళ్ళని చాలామందిని చూశాను. కొలతకి దొరికేది కాదది."

"నిజంగా చెప్పాలంటే... చెయ్యి దానంతటదే తిరిగిందండీ. నాకే ఆశ్చర్యం. ఎప్పుడో చేసిన పనిలా అనిపించింది."

"ఊఁ."

"ఊఁ అంటే ఏంటండీ?"

"ఏం లేదు. నువ్వు పడేసి వెళ్ళిన ఆ బోర్డు ఎలా ఉండేదో గుర్తుందా?"

"అదెందుకండీ ఇప్పుడు? సిగ్గుచేటు. పాత తలుపు చెక్కతో చేశాను. బరువు. ముక్కు వంకర. తోక దగ్గర ఒకవైపు చెక్కని పురుగు తినేసింది. అంతమేరా లోపలికి చెక్కేశాను. రెండోవైపు బాగానే ఉంది కానీ, చూడ్డానికి కుంటిగా ఉంటుందని అటు కూడా అంతే..."

"ఆగు మరిదీ."

"ఏంటి వదినా?"

"ఎక్కడ చెక్కావు?"

"తోక దగ్గర."

"తోకకి ఎంత ముందు?"

"ఎంతో గుర్తులేదు. ఓ జానెడు... వదినా, ఎందుకలా చూస్తున్నావు? మేస్త్రీ గారూ, మీరెందుకు తల దించుకున్నారు? నేనడిగింది ఒక్కటే కదండీ. నన్నెందుకు రానివ్వరు?"

"రానిస్తే ఎలారా? లోపల అడుగుపెట్టగానే గోడకి ఆనించి నువ్వు పడేసి వెళ్ళిన బోర్డే కనపడుతుంది. మూడేళ్ళ నుంచి నేను చేసే ప్రతి బోర్డూ దాన్ని పడుకోబెట్టి, చుట్టూ గీసుకుని చేసిందే."